గల్ఫ్ వ్యాపారం: కాగితం మీద పేరు ఎవరిది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి గల్ఫ్ వ్యాపారాల గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. పనికి వెళ్లి అక్కడే చిన్న షాపు పెట్టుకున్నవాళ్లు రాశారు, ఇక్కడి నుంచి డబ్బు పంపి కంపెనీ తెరుద్దామనుకునేవాళ్లు రాశారు, సరుకు ఎగుమతి చేసేవాళ్లూ రాశారు. చాలామంది పాత సంగతులే మనసులో పెట్టుకుని అడుగుతున్నారు. లోకల్ మనిషికి 51 శాతం ఇవ్వాల్సిందేనట కదా, కఫీల్ (అక్కడి స్పాన్సర్) లేకుండా షట్టర్ కూడా ఎత్తలేమట కదా అని. అక్కడి చట్టాలు ఈ కొన్నేళ్లలో చాలా మారాయి. విదేశీయుడు సొంత పేరు మీద వ్యాపారం చేసుకునే దారి తెరుచుకుంది, అదే సమయంలో వేరేవాళ్ల పేరు అడ్డం పెట్టుకుని చేసే వ్యాపారానికి శిక్షలూ గట్టిపడ్డాయి. మనవాళ్లకు మొదటిది సగం సగం తెలుసు, రెండోది అసలు తెలియదు. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కన పెట్టాను.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల జిల్లా. రియాద్‌లో ఏసీ రిపేర్ల షాపు నడుపుతున్నాను. సామాను, అద్దె, ఇద్దరు పిల్లగాళ్ల జీతాలు అన్నీ నావే. సీఆర్ (వ్యాపార రిజిస్ట్రేషన్) మాత్రం కఫీల్ పేరు మీద ఉంటుంది, నెలనెలా ఆయనకు రెండు వేల రియాళ్లు ఇస్తాను. నా అకామాలో (నివాస అనుమతి కార్డులో) టెక్నీషియన్ అని ఉంది. మనిషి చాలా మంచోడు, ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. మొన్న పక్క వీధిలో ఇట్లాంటి షాపునే తనిఖీ చేసి మూసేశారు. అప్పటినుంచి నిద్ర పడతలేదు. నేను చేస్తున్నది నిజంగా నేరమా?

నేరమే తమ్ముడూ. మెత్తగా చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టడం నాకు ఇష్టం లేదు.

అక్కడ దీన్ని తసత్తుర్ అంటారు, మన బినామీ వ్యాపారం లాంటిదే. దీని మీద సౌదీలో ముందునుంచీ చట్టం ఉంది, కానీ 2020 ఆగస్టులో దాని స్థానంలో ఇంకా కఠినమైనది ఆమోదించారు, 2021 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా, లేదంటే రెండూ. ఇది మీ ఒక్కరికే కాదు, పేరు అరువిచ్చిన సౌదీ మనిషికీ వర్తిస్తుంది. ఆ వ్యాపారం మీద సంపాదించింది జప్తు చేస్తారు, సీఆర్ రద్దవుతుంది, జకాత్, పన్ను బకాయిలు ఉంటే ఇద్దరి మీదా పడతాయి. విదేశీయుడినైతే శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపేస్తారు, మళ్లీ పని కోసం రానివ్వరు.

కఫీల్ మంచోడని రాశారు. అయి ఉండొచ్చు. కానీ ఆయన మంచితనం ఆయనతోనే పోతుంది. రేపు ఆయనకేమైనా అయితే కొడుకులు వచ్చి షాపు తాళాలు అడిగితే మీరు ఏ కాగితం చూపిస్తారు? కోర్టుకు వెళ్లి ఈ షాపు నాదే, డబ్బు నాదే అని చెప్పడమంటే మీ నోటితో మీరే నేరం ఒప్పుకోవడం. అంటే మీరు పెట్టిన ప్రతి రియాలూ ఇప్పుడు చట్టం దృష్టిలో మీది కాదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ సంగతే.

ఎవరికి తెలుస్తుందిలే అనుకునే రోజులు పోయాయి. 2020 ఆగస్టు 25 నుంచి సౌదీలో చిల్లర వ్యాపారాలన్నిటిలో కార్డు, ఎలక్ట్రానిక్ చెల్లింపు తీసుకోవడం తప్పనిసరి చేశారు. 2021 డిసెంబర్ 4 నుంచి ఎలక్ట్రానిక్ బిల్లులు వచ్చాయి. జీతాలు బ్యాంకు ద్వారానే చూపాలి. ఇప్పుడు మీ సంగతే ఒక్కసారి బయటి మనిషిలా చూడండి. అకామాలో టెక్నీషియన్, కాంట్రాక్టులో జీతం 1,800 రియాళ్లు అనుకుందాం, ఎక్స్ఛేంజ్ నుంచి జగిత్యాలకు నెలకు 7,000 వెళ్తోంది. షాపు మిషన్‌లో పడ్డ డబ్బు కఫీల్ ఖాతాకు పోతోంది, ఆ ఖాతా కార్డు మీ జేబులో ఉంది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఈ లెక్కలు పక్కపక్కన పెడితే కథంతా బయటపడుతుంది. పైగా సమాచారం ఇచ్చినవాళ్లకు వసూలైన జరిమానాలో 30 శాతం దాకా బహుమతి ఉంది. అలిగి వెళ్లిపోయిన పనివాడు చాలు.

సరిచేసుకోవడానికి ప్రభుత్వం గడువు ఇచ్చింది. మొదట 2021 ఆగస్టు వరకు, తర్వాత పొడిగించి 2022 ఫిబ్రవరి 16 వరకు. అది ముగిసింది. ఆ గడువు సంగతి మనవాళ్లకు తెలుగులో గట్టిగా చెప్పినవాళ్లు లేరు, అది పెద్ద నష్టం. అయినా అధికారులు పట్టుకోకముందే తనంతట తాను ముందుకొచ్చి చెప్పినవారికి శిక్షలో వెసులుబాటు ఇవ్వడానికి చట్టంలో చోటుంది. కానీ ఆ పని మీరొక్కరే వెళ్లి చేయకండి. ముందు సౌదీ లైసెన్స్ ఉన్న లాయర్‌ని కలవండి, కఫీల్‌తో మాట్లాడేది కూడా ఆ తర్వాతే.

మరి చట్టబద్ధంగా ఏం చేయొచ్చు? సౌదీలో విదేశీ పెట్టుబడికి 2000లో వచ్చిన చట్టం పోయి, 2025 ఫిబ్రవరి నుంచి కొత్త పెట్టుబడి చట్టం వచ్చింది. పాత లైసెన్స్ పద్ధతి స్థానంలో పెట్టుబడుల మంత్రిత్వ శాఖ దగ్గర నమోదు చేసుకుంటే సరిపోతుంది, స్థానికుడితో సమానంగా చూస్తామని చట్టం చెబుతోంది. వినడానికి బాగానే ఉంది, కానీ పనిని బట్టి షరతులు వేరు. సామాను కొని అమ్మే ట్రేడింగ్ వంద శాతం విదేశీయుడి చేతిలో ఉండాలంటే పెట్టిన మూలధనం షరతు 3 కోట్ల రియాళ్లు, అది మనలాంటివాళ్ల కోసం పెట్టింది కాదు. రిపేర్లు, మెయింటెనెన్స్ లాంటి సేవలకు షరతులు తక్కువ, నలుగురైదుగురు కలిసి నిజమైన కంపెనీగా నమోదు చేసుకోవడం కుదిరే పనే, కానీ ఏడాది ఫీజులు, సౌదీలకు ఇవ్వాల్సిన ఉద్యోగాలు, విదేశీ వాటా లాభం మీద 20 శాతం పన్ను లెక్కేసుకుని దిగాలి. 2019లో వచ్చిన ప్రీమియం రెసిడెన్సీ ఉన్నవాళ్లు కూడా సొంతంగా వ్యాపారం చేయొచ్చు, అందులో ఏటేటా తీసుకునే రకానికి ఏడాదికి లక్ష రియాళ్ల ఫీజు. మీ షాపు అంత మోస్తుందా అన్నది మీకే తెలియాలి.

ఇవేవీ కుదరకపోతే ఉన్నది ఒకటే. షాపు నిజంగానే కఫీల్‌ది అయిపోవాలి, మీరు నిజంగానే జీతగాడు అయిపోవాలి. కివా పోర్టల్‌లో (సౌదీ ప్రభుత్వ ఉద్యోగ ఒప్పందాల వెబ్‌సైట్‌లో) కాంట్రాక్టు, అసలు జీతం, రాసి ఉన్న కమీషన్, అంతే. ఖాతా కార్డు, సంతకం అధికారం మీ దగ్గర ఉండకూడదు. ఆయన పేరు మీద పెట్టి రిమోట్ మీ దగ్గరే ఉంచుకుంటే అది మళ్లీ తసత్తురే. లేదా వేరే కంపెనీకి మారండి. 2021 మార్చి 14 నుంచి అమలైన సంస్కరణల్లో, ఏడాది పనిచేశాక యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలు ఇచ్చారు. ఇంకో మాట, మీ దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లగాళ్లు ఆ సీఆర్ మీదే ఉన్నారా, లేక ఆజాద్ వీసా మీద, అంటే వేరే కఫీల్ పేరు మీద వచ్చి మీ దగ్గర చేస్తున్నారా? రెండోదైతే అది విడిగా ఇంకో కేసు, వాళ్ల బతుకు కూడా దీనికి ముడిపడి ఉంది. ముందు వాళ్ల సంగతి చూడండి.

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ, షార్జాలో ఉంటాం. దుబాయ్‌లో తెలుగు భోజనాల క్లౌడ్ కిచెన్ పెట్టాలని ఉంది. ఒకాయన ఫ్రీజోన్ (విడి నిబంధనలుండే వాణిజ్య ప్రాంతం) లైసెన్స్ చవగ్గా ఇప్పిస్తాను, వంద శాతం మీదే అంటున్నాడు. ఇంకొకాయన మెయిన్‌ల్యాండ్‌లో (ఫ్రీజోన్ బయట) పెట్టాలంటే లోకల్ స్పాన్సర్‌కి ఏటా 15,000 దిర్హాములు కట్టాలి అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా వద్దమ్మా.

రెండో ఆయన చెప్పింది ఒకప్పటి నిజం. 1984 నాటి కంపెనీల చట్టం నుంచీ యూఏఈలో మెయిన్‌ల్యాండ్ ఎల్‌ఎల్‌సీలో (పరిమిత బాధ్యత కంపెనీలో) 51 శాతం ఎమిరాతీకి, అంటే అక్కడి పౌరుడికి ఉండాల్సిందే. 2020లో చేసిన సవరణ 2021 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చి ఆ షరతు తీసేసింది, ఆ తర్వాత 2021 నాటి 32వ నంబర్ డిక్రీతో కంపెనీల చట్టం మొత్తాన్నే కొత్తగా రాశారు. రక్షణ, బ్యాంకులు, బీమా, టెలికాం, హజ్ ఉమ్రా సేవల్లాంటి కొన్నిటికి మాత్రం విడిగా షరతులు మిగిలాయి. వంట వాటిలో లేదు. కాబట్టి ఆ 15,000 ఎవరికీ కట్టక్కర్లేదు, దుబాయ్ ఎకానమీ అండ్ టూరిజం శాఖ దగ్గర మీ పేరు మీదే లైసెన్స్ తీసుకోవచ్చు.

మొదటి ఆయన చెప్పిందాంట్లో వంద శాతం మీదే అన్నది నిజమే, 1985లో జెబెల్ అలీతో మొదలైనప్పటి నుంచీ ఫ్రీజోన్లలో అది ఉన్నదే. సరుకు తెచ్చి వేరే దేశాలకు పంపేవాళ్లకు, సాఫ్ట్‌వేర్, కన్సల్టెన్సీ చేసేవాళ్లకు ఫ్రీజోన్ బాగుంటుంది. మీరు వండి పంపేది కరామాలో, బర్ దుబాయ్‌లో ఇళ్లకు. ఎక్కడో ఫ్రీజోన్‌లో ఒక బల్ల అద్దెకు తీసుకుని లైసెన్స్ గోడకు తగిలించినంత మాత్రాన అక్కడ పొయ్యి వెలిగించలేరు. వంటగది ఉన్న చోటుకు ఎజారీ (ప్రభుత్వం దగ్గర నమోదైన అద్దె) అగ్రిమెంట్ కావాలి, దుబాయ్ మున్సిపాలిటీ ఫుడ్ సేఫ్టీ వాళ్లు వంటగది ప్లాన్ చూసి ఒప్పుకోవాలి. కూరగాయలు కడిగే సింకు, మాంసం కడిగే సింకు విడిగా ఉన్నాయా, చేతులు కడుక్కునే చోటు వేరేగా ఉందా, పొగ ఎటు పోతుంది, చెత్త ఎటు పోతుంది, అన్నీ గీతల్లో కనిపించాలి. వండేవాళ్లకు హెల్త్ కార్డులు, ఫుడ్ సేఫ్టీ శిక్షణ తీసుకున్న బాధ్యుడు ఒకరు ఉండాలి. 2025లో దుబాయ్ 11వ నంబర్ తీర్మానంతో ఫ్రీజోన్ కంపెనీలు అనుమతి తీసుకుని మెయిన్‌ల్యాండ్‌లో పనిచేసే వీలు కల్పించిన మాట నిజమే, కానీ ఆ అనుమతి వంటగది షరతులను తీసేయదు. మెయిన్‌ల్యాండ్ లైసెన్స్ తీసుకుని, ముందే అనుమతులున్న షేర్డ్ కిచెన్‌లో జాగా అద్దెకు తీసుకుని మొదలుపెట్టడం మీకు నేను చెప్పే దారి. ఆర్డర్లు నిలకడగా వచ్చాక సొంత వంటగది చూసుకోవచ్చు.

పన్ను దగ్గర ఒక తికమక ఉంది. 3,75,000 దిర్హాముల అంకె రెండు చోట్ల వస్తుంది. వ్యాట్‌కు అది అమ్మకాల మీద లెక్క, ఏడాదికి అమ్మకాలు అంత దాటితే నమోదు చేసుకుని 5 శాతం వసూలు చేయాలి. కార్పొరేట్ ట్యాక్స్‌కు అది లాభం మీద లెక్క, అంతకు మించిన లాభం మీద 9 శాతం. ఆదాయం 30 లక్షల దిర్హాములలోపు ఉన్న చిన్న వ్యాపారాలకు 2026 చివరితో ముగిసే పన్ను కాలాల వరకు ఊరట ఉంది, కానీ అది దానంతట అది రాదు, రిటర్నులో మీరే కోరుకోవాలి. పన్ను సున్నా అయినా కంపెనీ నమోదు చేసుకోవాల్సిందే, ఆలస్యమైతే 10,000 దిర్హాముల జరిమానా. లైసెన్స్ చేతికొచ్చిన వారంలోనే ఆ పని చేసేయండి.

ప్రశ్న: సార్, మాది కోనసీమ. 2009 నుంచి దుబాయ్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టింగ్ ఎల్‌ఎల్‌సీ నడుపుతున్నాను. లైసెన్స్‌లో 51 శాతం అరబ్ పార్ట్‌నర్‌ది. విడిగా రాసుకున్న కాగితంలో మాత్రం ఆయనకు వాటా లేదు, ఏటా ఫీజు తీసుకుంటాడని ఉంది. చట్టం మారాక మార్చుకుందాం అనుకుంటూనే ఉన్నాం. ఈలోగా ఆయన కాలం చేశారు. ఇప్పుడు కొడుకులు ఐదేళ్ల లెక్కలు అడుగుతున్నారు.

మీ దగ్గరున్న ఆ విడి కాగితాన్ని నమ్ముకుని వెంటనే కోర్టుకు వెళ్లకండి. ఇలాంటి ఒప్పందాలను దాపరికం కింద లెక్కగట్టి చెల్లవన్న తీర్పులున్నాయి, అసలు డబ్బు ఎవరు పెట్టారో చూసి న్యాయం చేసిన తీర్పులూ ఉన్నాయి. మీది ఎటు పడుతుందో ముందుగా చెప్పగలిగేవాళ్లు లేరు. రిజిస్టర్‌లో ఉన్న 51 శాతం మాత్రం వారసులకు వెళ్తుంది, అది ఖాయం.

ముందు చూసుకోవాల్సింది మీ అధికారం. మీరు మేనేజర్‌గా కంపెనీ మెమొరాండంలోనే (కంపెనీ స్థాపన పత్రంలోనే) ఉన్నారా, లేక ఆయన ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీద నడుపుతున్నారా? మెమొరాండంలో ఉంటే కంపెనీ నడుస్తుంది. పవర్ మీద అయితే ఆయనతోపాటే అదీ పోయింది, ఆ తర్వాత మీరు పెట్టిన ప్రతి సంతకాన్నీ రేపు ప్రశ్నించవచ్చు. రెండోది, అసలు లబ్ధిదారు ఎవరో చెప్పే రిజిస్టర్ 2020 నుంచి అన్ని కంపెనీలూ ఇవ్వాలి. అందులో మీరు ఏం రాశారో తీసి చూడండి. నిజం రాసి ఉంటే అది మీకు బలం, 51 శాతం ఆయనదే అని రాసి ఉంటే ఇప్పుడు వేరే మాట చెప్పడం కష్టం.

నా సలహా, వాళ్లతో కూర్చుని వాటా కొనేయండి. పదిహేనేళ్ల కష్టం మీద కొంత డబ్బు ఊరికే పోయినట్టు అనిపిస్తుంది, నిజమే, గుండె మండుతుంది. కానీ వారసుల ధ్రువపత్రంలో ఉన్న అందరూ సంతకం చేస్తే నోటరీ దగ్గర మెమొరాండం మార్చి వంద శాతం మీ పేరు మీదకు తెచ్చుకునే చట్టం ఇప్పుడు ఉంది. వారసుల్లో మైనర్లు ఉంటే కోర్టు అనుమతి కావాలి, దానికి సమయం పడుతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. పార్ట్‌నర్ బతికే ఉండి, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతా పాఠకులు మాత్రం ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, సంబంధాలు బాగున్నప్పుడే ఈ పని పూర్తి చేసుకోండి. 2021 నుంచి దారి ఉంది.

ప్రశ్న: అయ్యా, కామారెడ్డి దగ్గర పల్లె మాది. మా పెద్దోడు దుబాయ్‌లో వ్యాపారానికి బ్యాంకు లోన్ తీసుకుని నష్టపోయి 2023లో ఇంటికి వచ్చిండు. బ్యాంకుకు ఇచ్చిన చెక్కు బౌన్సయిందట. ఇప్పుడు ఎవరెవరో ఫోన్లు చేసి పోలీసులు వచ్చి పట్టుకపోతరని, నా భూమి గుంజుకుంటరని బెదిరిస్తున్నరు.

పెద్దాయనా, ముందు స్థిమితంగా ఉండండి. ఫోన్ చేసే రికవరీ ఏజెంటుకు ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు. మీ పేరు మీద ఉన్న మీ సొంత భూమికీ ఆ అప్పుకూ సంబంధం లేదు, మీరు జామీను సంతకం పెట్టి ఉంటే తప్ప. ఆ మాటలకు భయపడి ఎవరి ఖాతాకూ డబ్బు పంపకండి.

యూఏఈలో ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే ఇదివరకు జైలే. 2022 జనవరి 2 నుంచి అది మారింది. మోసం చేసే ఉద్దేశంతో చేసిన పనులు, ఖాతా ముందే మూసేయడం, కావాలని సంతకం తప్పుగా పెట్టడం లాంటివి ఇప్పటికీ నేరాలే. కేవలం డబ్బు లేకపోవడమైతే సివిల్ సంగతి, కాకపోతే ఆ చెక్కు పట్టుకుని బ్యాంకు నేరుగా అమలు కోర్టుకు వెళ్లి వసూలు ఆదేశం తెచ్చుకోవచ్చు.

అయితే ఊరికి వచ్చేశాడు కాబట్టి అంతా తీరిపోయిందని కూడా అనుకోకూడదు. 2020 జనవరి 17న మన కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం యూఏఈలోని నోటిఫై చేసిన కోర్టుల డబ్బు డిక్రీని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద మన జిల్లా కోర్టులో ఇక్కడి డిక్రీ లాగానే అమలు చేయించుకోవచ్చు. అంటే మీ అబ్బాయి పేరు మీదున్న ఆస్తి, పిత్రార్జితంలో అతని వాటా జప్తు కోరవచ్చు. మనవైపు రక్షణ లేకపోలేదు. నోటీసు అందకుండా, చెప్పుకునే అవకాశం లేకుండా ఇచ్చిన తీర్పు, మోసంతో తెచ్చుకున్న తీర్పు అయితే 13వ సెక్షన్ కింద అడ్డుకోవచ్చు. కానీ నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపడం, కోర్టుకు వెళ్లకపోవడం మాత్రం చేయకండి, ఆ ఒక్క పనితో ఆ రక్షణ పోతుంది.

మీ అబ్బాయి అక్కడి లాయర్ ద్వారా కేసు ఏ స్థితిలో ఉందో కనుక్కుని, బ్యాంకుతోనే నేరుగా రాతపూర్వకంగా సెటిల్‌మెంట్ మాట్లాడాలి. కట్టాక క్లియరెన్స్ లెటర్, కేసు ఎత్తేసిన కాగితం చేతికి వచ్చేవరకు మళ్లీ ఆ దేశం విమానం ఎక్కకూడదు, ట్రావెల్ బ్యాన్ ఉంటే తిరిగి రావడం కుదరదు.

ప్రశ్న: గుంటూరులో మాకు కారం, మసాలా పొడుల యూనిట్ ఉంది. దుబాయ్ డిస్ట్రిబ్యూటర్ ఒకరు గల్ఫ్ మొత్తానికి ఏజెన్సీ ఇవ్వండి, బ్రాండ్ రిజిస్ట్రేషన్ కూడా నేనే చేయించుకుంటా, ఖర్చు నాదే అంటున్నారు. ఇవ్వొచ్చా?

బ్రాండ్ ఆయన పేరు మీద వద్దే వద్దు. ఖర్చు మీరు పెట్టుకుని మీ పేరు మీదే ట్రేడ్‌మార్క్ చేయించుకోండి. ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో ట్రేడ్‌మార్క్ కోరే మాడ్రిడ్ పద్ధతిలో యూఏఈ 2021 డిసెంబర్‌లో చేరింది, మన ట్రేడ్‌మార్క్ ఆఫీసు ద్వారానే అక్కడికి దరఖాస్తు పెట్టొచ్చు. గల్ఫ్ దేశాలకు ఉమ్మడి ట్రేడ్‌మార్క్ చట్టం ఉన్నా రిజిస్ట్రేషన్ మాత్రం ఏ దేశానికి ఆ దేశమే.

ఏజెన్సీ ఇచ్చేటప్పుడు అది యూఏఈ ఆర్థిక మంత్రిత్వ శాఖ దగ్గర కమర్షియల్ ఏజెన్సీగా రిజిస్టర్ అవుతుందా లేదా అన్నది ముందే తేల్చుకోండి. రిజిస్టర్ అయిన ఏజెంటుకు ఆ ప్రాంతంలో మీ సరుకు మీద ప్రత్యేక హక్కు వస్తుంది, వేరే ఎవరైనా తెస్తే కస్టమ్స్ దగ్గర ఆపించగలడు. 1981 నాటి పాత చట్టంలో ఏజెంటును తీసేయడం ఎంత కష్టమో చాలా భారతీయ కంపెనీలు అనుభవించాయి, గడువు అయిపోయినా ఏజెన్సీ కదిలేది కాదు. 2022 నాటి కొత్త చట్టం 2023 జూన్‌లో అమల్లోకి వచ్చాక గడువు ముగిస్తే ముగిసినట్టే, కాకపోతే ఏడాది ముందు గానీ, ఒప్పందం కాలంలో సగం గడిచేలోపు గానీ, ఏది తక్కువైతే దాని ప్రకారం నోటీసు ఇవ్వాలి, కొన్ని సందర్భాల్లో పరిహారమూ ఉంటుంది. కాబట్టి గల్ఫ్ మొత్తం అని రాయకండి. దుబాయ్ వరకు, రెండేళ్లకు, ఏటా ఇన్ని టన్నులు ఎత్తాలి అన్న షరతుతో ఇచ్చి చూడండి.

సౌదీకి విడిగా చూసుకోండి, అక్కడ ఫుడ్ అండ్ డ్రగ్ అథారిటీ నమోదు, అరబిక్ లేబుల్ కావాలి. అక్కడి కోర్టులు ఆలస్యమైన డబ్బుకు వడ్డీ ఇప్పించవు, మీ కాంట్రాక్టులో 18 శాతం అని రాసుకున్నా అది కాగితం మీదే ఉంటుంది. అందుకని అప్పు మీద సరుకు పంపకుండా లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) అడగండి. అయితే 2023 డిసెంబర్ 16 నుంచి సౌదీలో మొదటిసారి రాతలో ఉన్న సివిల్ లావాదేవీల చట్టం అమలవుతోంది, మాట తప్పినవాడి వల్ల పోయిన లాభాన్ని కూడా నష్టపరిహారంలో అడిగే వీలు అందులో స్పష్టంగా ఉంది. అరబిక్, ఇంగ్లిష్ రెండు భాషల్లో కాంట్రాక్టు ఉంటే అక్కడి కోర్టు చూసేది అరబిక్ ప్రతినే, సంతకానికి ముందు దాన్ని మీ మనిషితో చదివించండి. యూఏఈకి పంపే సరుకుకు 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న సెపా (భారత్-యూఏఈ వాణిజ్య) ఒప్పందం కింద సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు మన దేశానిదే అన్న పత్రం) తీసుకోవడం మరిచిపోవద్దు. మీ సరుకు కోడ్‌కు సుంకం ఎంత తగ్గుతుందో కస్టమ్స్ బ్రోకర్ చెబుతాడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. దుబాయ్‌లో కంపెనీ తీసుకుంటే రెసిడెన్స్ వీసా కూడా వస్తుందని, డబ్బు క్రెడిట్ కార్డుతోనో, అక్కడి తెలిసినవాళ్ల ద్వారానో కట్టేయొచ్చని కన్సల్టెంట్ అన్నాడు. సరేనా?

సరి కాదు. దుబాయ్ చట్టం మిమ్మల్ని ఆపదు, మన ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) ఆపుతుంది. మీరు ఇక్కడ నివాసి కాబట్టి విదేశీ కంపెనీలో వాటా కొనడం 2022 ఆగస్టు 22 నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల కిందకు వస్తుంది. ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితిలో, మీ బ్యాంకు ద్వారా, ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, యూఐఎన్ (ఆ పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు) నంబర్ తీసుకున్నాకే డబ్బు వెళ్లాలి. ఆరు నెలల్లోగా షేర్ సర్టిఫికెట్ బ్యాంకుకు ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా డిసెంబర్ 31లోపు పనితీరు నివేదిక, ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్. తెలిసినవాళ్లు అక్కడ కట్టి మీరు ఇక్కడ ఇచ్చుకోవడం హవాలా. ఆ కన్సల్టెంట్‌ను మార్చండి.

ప్రశ్న: దోహాలో ఉంటాను. ఖతార్‌లో మనకు 49 శాతమే అంటారు. ఒమన్, కువైట్ ఏమైనా నయమా?

ఖతార్‌లో 2019 నాటి 1వ నంబర్ చట్టంతో చాలా రంగాల్లో వంద శాతం వరకు అనుమతి అడగొచ్చు, అడగందే రాదు. ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్ కింద అయితే సేవల కంపెనీలకు మొదటి నుంచీ వంద శాతం ఉంది. ఒమన్ 50/2019 డిక్రీతో 2020 జనవరి నుంచి తలుపులు తీసింది. కువైట్‌లో ఇప్పటికీ మామూలు కంపెనీకి 51 శాతం కువైటీదే, వంద శాతం కావాలంటే 2013లో పెట్టిన పెట్టుబడుల సంస్థ దగ్గరకు వెళ్లాలి, అది పెద్ద ప్రాజెక్టులకు. చిన్న వ్యాపారానికి ఈ మూడింట్లో నేనైతే ఒమన్ వైపు చూస్తాను.

ప్రశ్న: మాది నెల్లూరు. మా ఆయన దుబాయ్‌లో తన ఒక్కరి పేరు మీద ట్రేడింగ్ వ్యాపారం చేస్తున్నారు. నాకు, పిల్లలకు ఆయన వీసానే. అడగకూడని మాటే కానీ, ఆయనకేమైనా అయితే మా పరిస్థితి ఏంటి?

అడగాల్సిన మాటే అమ్మా, ఇది ప్రతి ఇంట్లో అడగాలి. ఒక్కరి పేరు మీద ఉన్న లైసెన్స్‌కు ఆయనకూ వ్యాపారానికీ తేడా ఉండదు. మరణం సంగతి తెలియగానే బ్యాంకు ఖాతాలు కదలకుండా ఆపుతుంది, కోర్టు వారసులను తేల్చేవరకు సరుకు, బాకీలు, పిల్లల ఫీజులు అన్నీ నిలిచిపోతాయి. చేయాల్సింది రెండు పనులు. ఒకటి, వ్యాపారాన్ని ఎల్‌ఎల్‌సీగా మార్చి మీ పేరు మీద కొంత వాటా పెట్టించండి, ఇప్పుడు లోకల్ పార్ట్‌నర్ అవసరం లేదు కాబట్టి భార్యాభర్తలిద్దరే ఉండొచ్చు. రెండోది విల్లు. 2015 నుంచి డీఐఎఫ్‌సీ (దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్) దగ్గర ముస్లిమేతరులు ఇంగ్లిష్‌లో విల్లు రిజిస్టర్ చేసుకోవచ్చు, వ్యాపారంలో వాటాలకు విడిగా ఒక రకం విల్లు కూడా ఉంది, వీడియో ద్వారా కూడా పని అవుతుంది. విల్లు లేకపోతే 2023 ఫిబ్రవరి 1 నుంచి అమలైన ముస్లిమేతరుల చట్టం ప్రకారం సగం భార్యకు, సగం పిల్లలకు సమానంగా వస్తుంది. కానీ ఆ లెక్క తేలేసరికి కోర్టులో నెలలు పట్టవచ్చు. పిల్లలు చిన్నవాళ్లైతే సంరక్షకులు ఎవరో కూడా అదే విల్లులో రాయించండి, ఇండియాలో ఉండే ఆస్తులకు మాత్రం ఇక్కడ వేరే విల్లు రాయించుకోండి. ఈలోగా లైసెన్స్ కాపీ, ఖాతా నంబర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆ చిట్టా ఒక ఫైల్‌లో పెట్టి మీ దగ్గర ఉంచమని ఆయన్ను ఈరోజే అడగండి.